నాన్న పంపిన మట్టి

నేను ఎం.టెక్‌లో చదివింది మట్టి. సివిల్ ఇంజినీరింగులో అదొక శాఖ. ఇల్లు గానీ, రోడ్డు గానీ, వంతెన గానీ ఏది కట్టాలన్నా కింద ఉన్న నేల ఎంత బరువు మోస్తుందో, తడిస్తే ఏమవుతుందో, ఎండితే ఏమవుతుందో ముందు తేల్చి చెప్పాలి. ఈ సంగతి మా వాళ్లకు చెబితే ఎవరూ గౌరవంగా తల ఊపలేదు. "మట్టి చదవడానికి హైదరాబాదు దాకా ఎందుకే? మీ నాన్న వెనక నాలుగు చాళ్లు తిరిగితే వచ్చేది గదా" అని మా మేనత్త నందిగామ బస్టాండులో పదిమంది వినేట్టు అన్నది. నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండడం పెద్ద విశేషమేమీ కాదు, రోజుకి రెండుసార్లయినా జరిగేది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే మాత్రం మా అత్త సరిగ్గానే అన్నదనిపిస్తుంది.

మా ఊరు నందిగామ నుంచి చందర్లపాడు పోయే దారిలో ఉంది. ఊరికి పడమట మా నాన్నకి నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. మూడెకరాలు పత్తి, ఒక ఎకరం మిరప. అమ్మ ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరు. వాళ్లకి నేనొక్కదాన్నే. ఇంట్లో ముగ్గురమే అయినా నాలుగో మనిషి ఒకరు ఉన్నట్టే ఉండేది, ఎందుకంటే నాన్న పొలం గురించి మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. "ఇయ్యాళ కాస్త అలిగింది," "దానికి దాహమేస్తంది," "ఈ వానకి కుదుటపడ్డది" అనేవాడు. ఎండాకాలంలో ఆ నేల నెర్రెలు విచ్చేది. చిన్నప్పుడు ఆ నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగేది. వాన పడితే చెప్పుకి వీశెడు మట్టి అంటుకుని కాలు లేవనిచ్చేది కాదు. కానీ రెండు వారాలు వాన మొహం చాటేసినా మా చేలో పైరు తల వాల్చేది కాదు. "మన నేల లాంటి నేల ఈ చుట్టుపక్కల లేదు" అని నాన్న అన్నప్పుడల్లా "కాకిపిల్ల కాకికి ముద్దు" అని అమ్మ నవ్వేది.

రాజధాని మాట మొదలైన దగ్గర్నుంచి మా వైపు వెంచర్ల వాళ్లు తిరగసాగారు. మా పక్క చేలల్లో ఒక్కొక్కటిగా తెల్లరాళ్లు పాతారు. నాన్న దగ్గరికి కూడా నాలుగైదుసార్లు వచ్చారు. నాన్న వాళ్లని అరుగు మీద కూర్చోనిచ్చేవాడు కూడా కాదు. నిలబెట్టే మజ్జిగ ఇప్పించి, నిలబెట్టే పంపించేవాడు. "అమ్మేదైతే మజ్జిగ ఎందుకిస్తానయ్యా, కాఫీయే ఇచ్చేవాణ్ణి గదా" అని ఒకసారి ఆయన అన్న మాట ఊరంతా చెప్పుకున్నారు.

బీటెక్ అయ్యాక పీజీ ఎంట్రెన్సులో మంచి ర్యాంకే వచ్చింది. హైదరాబాదులో ఒక పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు దొరికింది, నాన్‌లోకల్ సీట్లలో. నందిగామలో బస్సెక్కితే చిల్లకల్లు, జగ్గయ్యపేట దాటి, కోదాడ మీదుగా తిన్నగా హైవే. నాన్న నన్ను దింపడానికి రాలేదు, మిరపకి మందు కొట్టే రోజులు. బస్టాండులో నా పెట్టె ఎక్కించి, "అక్కడి నేల ఎర్రదంట. రాళ్ళెక్కువంట. జాగ్రత్త" అన్నాడు. రాళ్లలో జాగ్రత్తగా ఎలా ఉండాలో నాకర్థం కాలేదు గానీ తల ఊపాను.

ఆ యూనివర్సిటీ ఎంత పెద్దదంటే హాస్టలు నుంచి మా డిపార్టుమెంటుకి నడిచేసరికి పొద్దున తిన్న ఇడ్లీ అరిగిపోయేది. గోడలు పాతవి, ఫ్యాన్లు ఇంకా పాతవి. మా మట్టి ల్యాబు కింది అంతస్తులో, ఎప్పుడూ తడి వాసన వేస్తూ ఉండేది. అక్కడ నాకు సుఖంగా ఉండేది. ఇత్తడి గిన్నెలో తడి మట్టి పరిచి, మధ్యలో గాడి తీసి, పిడి తిప్పుతూ ఎన్ని దెబ్బలకి ఆ గాడి పూడుతుందో లెక్కపెట్టడం మా పనుల్లో ఒకటి. అరచేత్తో మట్టిని సన్నని దారంలా పేనుతూ ఎప్పుడు చిట్లుతుందో చూడడం ఇంకొకటి. మిగతావాళ్లు చేతులు కడుక్కోవడానికి పరుగెత్తేవాళ్లు. నేను గోళ్లలో మట్టితోనే క్యాంటీనుకి పోయేదాన్ని.

రెండో ఏడాది మొదట్లో థీసిస్ విషయం వచ్చింది. మా గైడ్ సార్ నెమ్మదైన మనిషి, గొంతు పెంచకుండానే మనిషిని చితక్కొట్టగలరు. "నీది కృష్ణా జిల్లా గదా, మీ వైపు నల్లరేగడి దొరుకుతుందా?" అని అడిగారు. "మా పొలమే సార్" అన్నాను గొప్పగా. నల్లరేగడి తడిస్తే పొంగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దాని మీద కట్టిన గోడలు పగులుతాయి, రోడ్లు అలల్లా లేస్తాయి. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే సున్నపు పొడిని ఈ మట్టిలో కలిపితే ఆ పొంగు తగ్గుతుందా, బలం పెరుగుతుందా అన్నది నేను తేల్చాల్సిన సంగతి. మా మట్టి, మా అమ్మమ్మగారి ఊరి పొడి. ఇంటి పని చేస్తున్నట్టే అనిపించింది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు నాన్నా నేనూ కలిసి పొలం గట్టు పక్కన ఐదడుగుల గుంట తీశాం. పై మట్టి మాకు పనికిరాదు. దున్నే లోతు వరకూ వేళ్లు, ఎరువు, పురుగులు ఉంటాయి. పునాది కూర్చునేది దాని కింద, కాబట్టి పరీక్షకి కింది మట్టే కావాలి. నాన్న గుంటలోంచి ఒక గడ్డ తీసి చిదిపి చూసి మొహం చిట్లించాడు.

"ఈ అడుగు మట్టి ఎందుకమ్మా? దీంట్లో సత్తువేముంటది?"

"నాకు సత్తువ అక్కర్లేదులే నాన్నా" అని నవ్వేశాను. గట్టు మీద కూర్చుని పది నిమిషాలు చెప్పి ఉంటే సరిపోయేది. నాన్నకి ఇవన్నీ ఏం చెబుతాంలే అనుకున్నాను.

ఆ గుంటలోంచి తెచ్చుకున్న చిన్న మూటెడు మట్టితో మొదటి పరీక్షలన్నీ చేశాను. రెండు గాజు జాడీల్లో సమంగా మట్టి వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరసనాయిలు పోసి వదిలేస్తాం. కిరసనాయిల్లో మట్టి కదలదు. నీళ్లలోది ఎంత పొంగిందో చూసి దాని గుణం చెబుతాం. తెల్లారి చూస్తే నీళ్ల జాడీలో మా మట్టి రెట్టింపు దాటి పొంగింది. "ఇంత చెడ్డ మట్టి దొరకడం నీ అదృష్టం" అన్నారు సార్. మా చదువులో మట్టి ఎంత చెడ్డదైతే థీసిస్ అంత బాగుంటుంది. ఆ మాట నా స్నేహితులకి చెప్పుకుని నవ్వుకున్నాను కూడా.

అసలు పరీక్షలకి మాత్రం చాలా మట్టి కావాలి. సెలవుల్లేవు, తరగతులు నడుస్తున్నాయి. నాన్నకి ఫోన్ చేశాను. "నువ్వెందుకమ్మా వచ్చేది, నేను పంపిస్తాగా" అన్నాడు. పది రోజుల తర్వాత బస్సు కార్గోలో ఆరు బస్తాలు వచ్చాయి. అమ్మ యూరియా సంచుల్ని ఉతికి ఆరేసి ఇచ్చిందట. మూతులు పురికొసతో కుట్టి, ఒక్కోదానికి అట్టముక్క కట్టి, దాని మీద అమ్మ అంగన్‌వాడీ పలక మీద రాసే గుండ్రటి అక్షరాలతో నా పేరు, డిపార్టుమెంటు పేరు రాసింది. విప్పి చూస్తే మట్టి మెత్తగా, ఒక్క రాయి లేకుండా, బియ్యం చెరిగినట్టు ఉంది. నాన్న ఎంత శ్రద్ధగా పంపాడో అనుకున్నాను. కింది మట్టి అంత మెత్తగా ఎలా ఉందన్న అనుమానం నాకు రావాలి. మట్టి చదివే పిల్లను, నాకు రాలేదు.

ఒక్కో పరీక్షకి మట్టిలో పొడి కలిపి, అచ్చులు పోసి, తేమ పోకుండా ఇరవై ఎనిమిది రోజులు దాచాలి. అప్పుడు మిషను కింద పెట్టి విరగ్గొట్టాలి. మొదటి నెల విరగ్గొట్టాను. బలం పెరగలేదు. పొడి పాళ్లు మార్చి మళ్లీ చేశాను. పెరగలేదు. పొడి పాతబడిందేమోనని జగ్గయ్యపేట మామయ్య చేత కొత్తది తెప్పించాను. మిషనుని అనుమానించాను. చివరికి సార్ నన్ను అనుమానించారు. "నీ చేతి పని శుభ్రంగా లేదమ్మా" అన్నారు, ఎప్పటిలాగే నెమ్మదిగా. బాత్రూములోకి పోయి ఏడ్చాను. మార్చి దాకా అలాగే గడిచింది. నాతోటి వాళ్లు అప్పటికే థీసిస్ రాసుకుంటున్నారు.

సంగతి కనిపెట్టింది మా ల్యాబులో పనిచేసే అన్న. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, నల్లగొండ వైపు వాడు. ఒక మధ్యాహ్నం నా కోసం ఆఖరి బస్తా విప్పుతూ ఆగి, గుప్పెడు మట్టి తీసి తడిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బిడ్డా, గిది కింది మట్టి గాదు. గొర్ల ఎరువు వాసనొస్తుంది. మేం గొర్లు కాసినోళ్లం, నాకెర్క."

ఎరువు కలిసిన మట్టిలో సున్నం పని చేయదు. రెండో సెమిస్టరులో పరీక్ష రాసి నేను మంచి మార్కులు తెచ్చుకున్న పాఠమే అది. ల్యాబు బయట వరండాలోకి వచ్చి నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, ఆ బస్తాల్లో మట్టి ఎక్కడిది?"

ఆయన గొంతులో సంతోషం నాకు వినిపించింది. "ఎక్కడిదేందమ్మా, మన ఈశాన్యం చెక్కది. పోయినేడు గొర్రెల మంద కట్టించాం చూడు, అక్కడిది. మూడు రోజులు ఎండబెట్టి, గడ్డలు చిదిపి, మీ అమ్మ చేత జల్లెడ పట్టించా. బాగొచ్చిందా పరీక్ష?"

"ఐదడుగుల కింది మట్టి కావాలని చెప్పానా లేదా?"

"చెప్పావు. తవ్వి చూసా గూడా. జీవం లేని మట్టి అది. అంత పెద్ద యూనివర్సిటీలో పరీక్షకి పెట్టేది, నాసిరకం పంపితే నీ మార్కులు పోవా? మండలాఫీసుకి భూసార పరీక్షకి పంపేదే మంచి చోటు చూసి తీస్తాం గదమ్మా..."

మా వైపు రైతులకి మట్టి పరీక్షంటే అదొక్కటే. మట్టి పంపితే ఆఫీసు నుంచి కార్డు వస్తుంది, దాంట్లో నేల బలం ఎంతో రాసి ఉంటుంది. కార్డు బాగా వచ్చిన రైతు దాన్ని నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. కూతురికి కార్డు బాగా రావాలని నాన్న తన నాలుగెకరాల్లో ప్రాణం లాంటి చోటు వెతికి, అక్కడి మట్టి తీసి పంపాడు. ఇదంతా నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమయ్యాకే అరిచాను.

"నీకు తెలియనిదాంట్లో నీకెందుకు నాన్నా? నాలుగు నెలల్నించి పేడ పిసుక్కుంటూ కూర్చున్నా ఇక్కడ. నీ మట్టి నా ఏడాది తినేసింది."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారడం కూడా కాదు. తెలిసి, గురి చూసి అన్న మాట.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు నాన్న. నా జీవితంలో ఆయన నాతో ఆ మాట అనడం అదే మొదలు. ఫోన్ అమ్మకిచ్చేశాడు.

ఐదో రోజుకి కొత్త బస్తాలు వచ్చాయి. పత్తి కట్టె పీకేసి ఉంది కాబట్టి నాన్న చేను నడిమధ్యన గుంట తవ్వాడు. కూలీని పెట్టుకోలేదట, మళ్లీ ఎక్కడ తప్పు జరుగుతుందోనని ఒక్కడే తవ్వాడని అమ్మ చెప్పింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. రెండు రోజులు పట్టింది. అమ్మ ఫోన్‌తో ఫొటో తీయించి పంపాడు కూడా. గుంటలో నిలబడి, తలకి తువ్వాలు చుట్టుకుని, గోడకి ఆనించిన టేపుని వేలితో చూపిస్తున్నాడు, ఐదడుగులూ ఉందో లేదో నేను చూసుకోవడానికి. నవ్వడం లేదు. థీసిస్‌లో మట్టి తీసిన స్థలం ఫొటో పెట్టాలి. "మనుషులు వద్దు, గుంట చాలు" అన్నారు సార్. నాన్నని కత్తిరించి టేపూ మట్టీ ఉన్న ముక్క పెట్టాను. ఎంత కత్తిరించినా టేపు మీద ఆయన వేలు మిగిలిపోయింది.

అంతకుముందు ప్రతి ఆదివారం నాన్న ఫోన్లో చేను కబుర్లన్నీ చెప్పేవాడు. ఎక్కడ పదునైందో, ఎక్కడ పచ్చదోమ పడిందో, మిరప ఏ కాపుకి వచ్చిందో. ఆ రోజు తర్వాత అవన్నీ ఆగిపోయాయి. "తిన్నావా?" అని అడిగి, "ఇదుగో, అమ్మకిస్తున్నా" అనేవాడు. నేను కూడా అడగలేదు. పని పేరుకుపోయి ఉంది, పైగా కోపం ఇంకా కడుపులోనే ఉంది. నాతోటి వాళ్లు థీసిస్‌లు ఇచ్చేసి, వివాలు ముగించి, ఉద్యోగాలకి వెళ్లిపోయారు. హాస్టల్లో కొత్త జూనియర్లు "అక్కా, మీరింకా ఇక్కడే ఉన్నారా?" అని అడిగేవాళ్లు. అడిగిన ప్రతిసారీ నాకు ఆరు యూరియా బస్తాలు కళ్ల ముందుకొచ్చేవి.

కింది మట్టి చెప్పినట్టు విన్నది. పొడి కలిపిన కొద్దీ పొంగు తగ్గింది, బలం పెరిగింది. గ్రాఫులో గీత సార్ కోరుకున్నట్టే పైకి లేచింది. డిసెంబరులో వివా పెట్టారు.

వివాకి నాన్న వస్తానన్నాడని అమ్మ చెప్పింది. నాతో అనలేదు. తెల్ల చొక్కా వేసుకుని, పొద్దున్నే బస్సు దిగి, చేతిలో ఒక సంచీడు ఎండుమిరపకాయలతో వచ్చాడు. "మీ సార్లకి" అన్నాడు. సార్లకి అలా ఇవ్వకూడదని చెప్పి ఆ సంచీ ల్యాబు అన్నకి ఇప్పించాను. నాన్న చివరి బెంచీలో, గోడ పక్కన, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఇంగ్లీషులో నలభై నిమిషాలు మాట్లాడాను. తెర మీద మా చేను మట్టి ఫొటోలు, పగిలిన గోడల ఫొటోలు, గీతలు, పట్టికలు. మధ్యలో ఒకసారి నాన్న వైపు చూస్తే కళ్లార్పకుండా తెర వైపే చూస్తున్నాడు.

ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన సరదా మనిషి. ప్రశ్నలన్నీ అయ్యాక తెలుగులోకి దిగాడు.

"సరేనమ్మా, పుస్తకం సంగతి వదిలెయ్. ఈ చోట నేను ఇల్లు కట్టుకుంటానంటే నువ్వేం చెప్తావు?"

"వద్దంటాను సార్. ఈ మట్టిని నమ్మకూడదు. తప్పదంటే నాలుగడుగులు తవ్వి పారేసి, బయటి నుంచి గ్రావెల్ తెచ్చి నింపాలి. లేదా మేం చెప్పిన పొడి కలపాలి. ఉన్నది ఉన్నట్టుగా అయితే ఇది దేనికీ పనికిరాదు."

"శభాష్" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న కూడా కొట్టాడు.

అదే రోజు మధ్యాహ్నం నందిగామ బస్సెక్కాం. వారం రోజులుగా నిద్ర లేదు నాకు. కోదాడ దాటేవరకూ కునికిపాట్లు పడుతూనే ఉన్నాను. చిల్లకల్లు దగ్గరపడుతుండగా నాన్న కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"అమ్మా, మన మట్టి నిజంగా దేనికీ పనికిరాదా?"

రెండు ముక్కలు చెబితే అయిపోయేది. గోడలకి పనికిరాదు గానీ పంటకి బంగారం నాన్నా అని. చిన్నపిల్లలకి కూడా చెప్పగలిగిన మాట. ఆ రెండు ముక్కలూ నా నాలుక మీద ఉన్నాయి. కానీ నేను పోగొట్టుకున్న ఏడాది గుర్తొచ్చింది, బాత్రూములో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. ఎప్పుడూ మన నేల మన నేల అంటావుగా, ఇప్పుడు తెలిసిందా అన్న కసి వచ్చింది. చాలా చిన్న కసి, చీమంత. దాని మాటే విన్నాను.

"అవును నాన్నా. పరీక్షలో తేలిందే చెప్పాను" అని కళ్లు మూసుకున్నాను.

నందిగామలో నాన్న నా సంచి తనే దింపుకున్నాడు.

ఆ తర్వాత నెలకే విజయవాడలో నేల పరీక్షలు చేసే ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరాను. కొత్త ఉద్యోగం, రోజూ ఏదో ఒక సైటు. ఇంటికి రావడం తగ్గింది. ఫోన్లో నాన్న "తిన్నావా?" అంటూనే ఉన్నాడు. వేసవి మొదట్లో ఒక రోజు అమ్మ పనివేళలో ఫోన్ చేసింది. అలా ఎప్పుడూ చేయదు.

"నీకు చెప్పొద్దన్నాడు మీ నాన్న. ఇయ్యాళ పొద్దున నందిగామలో రిజిస్ట్రేషన్ అయిపోయింది. చేను వెంచరోళ్లకి ఇచ్చేశాడు."

సైటులో బోరు మిషను మోగుతోంది, సరిగ్గా వినలేదేమోనని మళ్లీ చెప్పించుకున్నాను. తర్వాత ఎవరికీ చెప్పకుండా బయలుదేరి వచ్చేశాను. నేను వచ్చేసరికి నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు, రిజిస్ట్రారాఫీసుకి వేసుకెళ్లిన చొక్కా ఇంకా విప్పలేదు. వివాకి వేసుకున్న చొక్కా అదే. నన్ను చూసి తత్తరపడి లేచాడు.

"ఎందుకు నాన్నా? అరుగు మీద కూర్చోనివ్వని వాళ్లకి ఎందుకిచ్చావు?"

"ఇంకెంతకాలం చేస్తాలే అమ్మా."

"నీకు యాభై ఎనిమిదే. నిజం చెప్పు."

నాన్న మళ్లీ అరుగు మీద కూర్చుని, తలవంచుకుని, గోళ్లలోకి చూసుకుంటూ చెప్పాడు. "నాకేం తెలుసు, నేను చదివినోణ్ణా? మా నాన్న మంచిదన్నాడు, నేనూ మంచిదనుకున్నా. అంత పెద్ద యూనివర్సిటీలో అన్నన్ని మిషన్లు పెట్టి, ఏడాదిపాటు పరీక్ష చేసి, దేనికీ పనికిరాదని నువ్వే తేల్చావు. నా తర్వాత అది నీకు గదా వచ్చేది. పనికిరాని నేల నీ మెడకి కట్టి పోవడమెందుకని ఇచ్చేసా."

నేనూ పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పాను, బస్సులో చెప్పాల్సిన మాటలన్నీ. "నాన్నా, అది గోడలకి పనికిరాదు. పంటకి కాదు. మన మట్టి నీళ్లని పట్టుకుని వదలదు, అందుకే పొంగుద్ది. పొంగుద్ది కాబట్టి గోడలు పగులుతాయి. కానీ అట్టా నీళ్లు పట్టుకోబట్టే వాన లేకపోయినా మన పత్తి నిలబడేది. నేను చెప్పింది ఇళ్ల సంగతి. చేను సంగతి కాదు." ఏడుస్తూ చెప్పాను. ఎంతవరకు అర్థమైందో తెలియదు. నాన్న తల పక్కకి వంచి, వర్షం కబురు వింటున్నట్టు విన్నాడు.

"అయితే మంచిదేనంటావా?"

"మంచిదే నాన్నా."

"నేననుకున్నంత మంచిదేనా?"

"అంతకంటే మంచిది."

నాన్న మొహం విప్పారింది. ఏడాదిగా ఆ మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు. లోపలికి తిరిగి గట్టిగా కేకేశాడు. "ఏమేవ్, విన్నావా? మన నేల మంచిదేనంట! యూనివర్సిటీలో తేలిందంట! మా నాన్న చెప్పింది అబద్ధం కాదు!" అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న ఆ ఊపులోనే లేచి, కొక్కేనికి ఉన్న తువ్వాలు తీసి తలకి చుట్టుకున్నాడు. సాయంత్రం ఎండ తగ్గాక రోజూ చేను వైపు వెళ్తాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టి, మెట్లు దిగి, గేటు దాకా పోయి, గొళ్లెం మీద చెయ్యి వేసి అక్కడే ఆగిపోయాడు.

చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, తువ్వాలు విప్పి మడత పెట్టుకుని, నా పక్కన కూర్చుని, "తిన్నావా?" అని అడిగాడు. ఆ రోజు బస్సులో ఈ మాట ఎందుకు చెప్పలేదని మాత్రం ఇప్పటిదాకా నన్ను అడగలేదు.